నీలగొంది సముద్రం

మత్స్యశాఖ డైరెక్టరు చక్రధర్ గారు అధ్యయన యాత్ర మీద ఒక చలిదేశం వెళ్ళారు. అక్కడ జనం టికెట్టు కొనుక్కుని సరస్సు ఒడ్డున కూర్చోవడం, పొద్దంతా గాలం వేసి పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోనే వదిలేసి సంతోషంగా ఇంటికి పోవడం కళ్ళారా చూశారు. మన దేశంలో చేపలు పట్టేవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పొరపాటేమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. వాళ్ళు చేపను ఇంటికి తీసుకుపోతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒక మడత గాలంకర్ర, జేబులు చాలా ఉన్న ఒక కోటు వెంట తెచ్చుకున్నారు. వచ్చీరాగానే 'గాలపు పర్యాటకం' అనే పథకం పుట్టింది. రాష్ట్రంలోని ప్రతి జలాశయం దగ్గరా గాలపు ఉత్సవం జరపాలని, మొట్టమొదటి చేపను నీలగొంది ప్రాజెక్టులో డైరెక్టరు గారు స్వహస్తాలతో పడతారని ఉత్తర్వు వెలువడింది.

నీలగొంది మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లో, అడవి అంచున ఉంటుంది. వాగుకు అడ్డంగా కట్టిన ఆ ప్రాజెక్టు నీళ్ళతో కింద వరి పండుతుంది. పక్కనున్న పట్నానికి తాగే నీళ్ళు పోతాయి. చేపల మీద ముప్పై కుటుంబాలు బతుకుతాయి. ఆ కుటుంబాల సొసైటీకి అధ్యక్షుడు తోకల భీమన్న. నీళ్ళలో చేప లాంటివాడు, ఒడ్డు మీద మాటలు తక్కువ. ఆయన మాట్లాడని మాటలన్నీ ఆయన భార్య నర్సవ్వ మాట్లాడుతుంది. అంగడిలో చేపలమ్మేది ఆవిడే.

ఉత్సవ బాధ్యత జిల్లా మత్స్యాధికారి సదానందం గారి మీద పడింది. సదానందం గారు నిష్ఠగల శాకాహారి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చేపలను టన్నుల్లో లెక్క చూడడమే తప్ప, ఒక చేపను విడిగా చూసి ఎరగరు. చూడాల్సి వస్తే పక్కకు తిరిగి కర్పూరం వాసన చూసేవారు.

ఆ ఏడు పుష్యమాసంలో ఉత్తరాన్నుంచి చలిగాలి విరుచుకుపడింది. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునేది. పశువులు కొట్టాల్లోంచి బయటికి రామని మొండికేశాయి. డైరెక్టరు గారికి జలుబు చేస్తుందేమోనని సదానందం గారు ఉత్సవాన్ని వాయిదా వేసుకుంటూ వచ్చి, శీతల పవనాలు జిల్లా నుంచి వైదొలిగాయని వాతావరణ ప్రకటన రాగానే ఆ మర్నాటికి ముహూర్తం పెట్టారు. ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ఎండ కాస్తోంది. ఆకు కదలడం లేదు. పందిళ్ళు వేయడానికి ఇంతకంటే మంచి వాతావరణం ఉండదు.

భీమన్న ఆఫీసుకొచ్చి, ఉత్సవం ఇంకొన్నాళ్ళు ఆపమని అడిగాడు. చలి పడ్డప్పుడు చేప అడుక్కు పోతుందని, చలి పోయాక ఇలా ఆకాశం తేటపడ్డ రోజుల్లో అయితే మూతి ముందర ఎర పెట్టినా ముట్టదని, నాలుగెండలు గట్టిగా కాస్తేనే పైకొస్తుందని చెప్పాడు. సొసైటీ వలల్లోనే ఏమీ పడడం లేదన్నాడు.

సదానందం గారు ప్రకటన కాగితాన్ని బల్ల మీద సరిచేసి పెట్టుకున్నారు.

"శీతల పవనాలు నిష్క్రమించినట్టు ఇక్కడ లిఖితపూర్వకంగా ఉంది భీమన్నా. ఇంకా అడుగునే ఉండిపోవడానికి చేపలకు సహేతుకమైన కారణం ఏముంది?"

"మనకు రేడియో ఉన్నది సారూ. వాటికి లేదు గద" అన్నాడు భీమన్న.

సదానందం గారు ఆ మాటను విననట్టే వదిలేసి, సొసైటీ లైసెన్సు గడువు ఈ నెలాఖరుకు ముగుస్తున్న సంగతి గుర్తు చేశారు. రెన్యువల్ ఫైలు తన బల్ల మీదే ఉందని, ఉత్సవ ఫలితాన్ని దృష్టిలో ఉంచుకుని అది సానుకూలంగా పరిశీలించబడుతుందని చెప్పారు. లైసెన్సు లేకపోతే నీలగొందిలో వల వేసినవాడు దొంగ. ముప్పై కుటుంబాలకు వేరే పని రాదు. డైరెక్టరు గారి గాలానికి చేప పడడం ఇప్పుడు సొసైటీ బాధ్యత అని భీమన్నకు అర్థమైంది.

పడని చేపను పట్టించాలంటే కొనుక్కురావాలి. నర్సవ్వ పట్నం మార్కెటంతా తిరిగింది. చలికి చుట్టుపక్కల ఏ చెరువులోనూ వేట సాగక బొచ్చె లేదు, రవ్వ లేదు, కొర్రమట్ట లేదు. ఒకే ఒక దుకాణంలో కోస్తా నుంచి ఐసు పెట్టెలో వచ్చిన పెద్ద వంజరం ఒకటుంది. అదే తెచ్చింది.

అది సముద్రపు చేప అని, మంచినీళ్ళలో పుట్టదని, పెరగదని భీమన్న సదానందం గారికి చెప్పాడు. సదానందం గారు కర్పూరం వాసన చూస్తూ, చేపకు తల, తోక ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు భీమన్న. అయితే నిబంధనలకు అనుగుణంగానే ఉందన్నారు ఆయన.

ఉత్సవం రోజున ఒడ్డుకు కొంచెం దూరంలో ఖాళీ డ్రమ్ముల మీద పలకలు పరిచి తేలే మంచె కట్టారు. మంచె మీద ఎర్ర తివాచీ, తివాచీ మీద కుర్చీ, కుర్చీలో చక్రధర్ గారు. మంచె కింద, డ్రమ్ముల సందులో, మెడలోతు నీళ్ళలో గోనెసంచిలో వంజరాన్ని పట్టుకుని భీమన్న. సదానందం గారు పైనుంచి కాలితో రెండుసార్లు తడితే చేపను గాలానికి తగిలించి వదిలెయ్యాలని ఏర్పాటు.

అయితే ఉపన్యాసాలు ముందు పెట్టారు. నీలగొంది భవిష్యత్తు గురించి సదానందం గారు, సదానందం గారి దక్షత గురించి చక్రధర్ గారు మాట్లాడుతుంటే భీమన్న కింద అంతా విన్నాడు. అతని పళ్ళు టకటకా కొట్టుకోసాగాయి. ఏమిటా చప్పుడని డైరెక్టరు గారు అడిగారు. చేపలు గుమిగూడుతున్నాయి సార్ అని సదానందం గారు వినయంగా విన్నవించారు.

ఎట్టకేలకు పైన కాలు తట్టిన చప్పుడైంది. భీమన్న కొయ్యబారిన వేళ్ళతో గాలాన్ని వంజరం మూతికి గుచ్చి ఒకసారి లాగాడు. వదిలెయ్యబోయేసరికి దారం మణికట్టుకు చుట్టుకుపోయింది. పైన చక్రధర్ గారు లాగుతున్నారు. చెయ్యి తెగుతుందని భీమన్న ఎదురు లాగాడు. ఆయన కుర్చీలోంచి లేచి, కాలు తన్నిపెట్టి లాగారు. భీమన్న డ్రమ్ముకు కాలు తన్నిపెట్టి లాగాడు. మంచె గుండ్రంగా తిరిగింది. ఒడ్డున జనం కేకలేశారు. సదానందం గారు, తనకు నచ్చని జీవి పైకి రావడం కోసం జీవితంలో మొదటిసారి దేవుణ్ణి తలుచుకున్నారు.

చివరికి దారం జారింది. వంజరం గాల్లోకి లేచి తివాచీ మీద పడింది. చక్రధర్ గారు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఫోటోలు దిగారు. ఇంత చల్లగా ఉందేమిటన్నారు. నీళ్ళు అలాంటివి సార్ అన్నారు సదానందం గారు, ముఖం పక్కకు తిప్పుకుని. తర్వాత గాలపు ధర్మం ప్రకారం డైరెక్టరు గారు చేపను గౌరవంగా నీళ్ళలోకి వదిలారు. అది వెల్లకిలా తేలింది. సేద తీరుతోందని సదానందం గారు వివరించారు. అది కొట్టుకుపోతుంటే ఒడ్డునున్న నర్సవ్వ కళ్ళు తిప్పుకోలేకపోయింది. పులుసు పెడితే వాడంతటికీ వచ్చేది.

భీమన్నకు ఆ సాయంత్రం జ్వరమొచ్చింది. నర్సవ్వ పాదాలకు ఆవనూనె రుద్దుతూ, నడుమ నడుమ తిడుతూ కూర్చుంది. ఎట్లయితేనేం, లైసెన్సు వస్తుంది కదా అని భీమన్న దుప్పటి కింది నుంచే ఓదార్చాడు.

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ చక్రధర్ గారు ఆ ఫోటోను స్నేహితులందరికీ పంపారు. కోస్తాలో ఉండే స్నేహితుడొకాయన చూసి, వంజరం బాగుంది, ఏ రేవులో పట్టావని అడిగాడు. మరొకరైతే తల దించుకునేవారు. చక్రధర్ గారు పరిశోధక బుద్ధి కలవారు. తాను పట్టింది సముద్రపు చేప, పట్టింది నీలగొందిలో, కాబట్టి సముద్రపు చేప నీలగొందిలో ఉంది. ఇది తెలుసుకోవడానికి శాఖకు ఇన్నేళ్ళు పట్టినందుకు ఆయన విచారం వ్యక్తం చేసి, నిపుణుల కమిటీ వేశారు.

కమిటీ వచ్చింది. అందులో అందరూ ఆ ఫోటోను చూశారు. ఫోటోలో డైరెక్టరు గారి చిరునవ్వును కూడా చూశారు. చేప బజారు నుంచి వచ్చిందని ఏ నిపుణుడైనా రాయాలంటే ఆ చిరునవ్వును దాటి రాయాలి. అందుచేత వాళ్ళు గట్టు మీద నిలబడి, నీళ్ళలో అలలున్నట్టు గమనించారు. పొగమంచులో అవతలి ఒడ్డు కనిపించడం లేదని గమనించారు. చలికాలంలో వలసొచ్చే తెల్లపిట్టలను చూసి సముద్రపు పిట్టల్లా ఉన్నాయన్నారు. ఒక సభ్యుడు నీళ్ళు దోసిట్లో పట్టి తాగి ఉప్పగా ఉన్నాయన్నాడు. ఆయన అంతకు ముందే గట్టు కింద హోటల్లో మిరపకాయ బజ్జీలు తిని చెయ్యి కడుక్కోలేదు. ఈ విషయం నివేదికలో చేరలేదు. నీలగొంది 'సముద్ర లక్షణాలు గల అంతర్భూభాగ జలరాశి' అని మాత్రం చేరింది.

శాఖ వెంటనే నివేదికను ఆమోదించింది. సదానందం గారు సొసైటీ ఫైలు తెరిచి, సొసైటీ అడిగినది మంచినీటి చేపల లైసెన్సు గనుక, మంచినీరు లేని చోట అది ఇవ్వజాలమని భీమన్నకు తెలియజేశారు. సముద్ర వేటకు కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. దానికి పడవల రిజిస్ట్రేషను కావాలి. సొసైటీకున్నవి థర్మాకోలు తెప్పలు. వాటికి ఇంజను ఎక్కడుందని అడిగారు. వేటకు వెళ్ళేముందు రేవు అధికారి అనుమతి కావాలి. రేవు అధికారి కోస్తాలో, రెండు రైళ్ళు మారితే వచ్చే ఊళ్ళో ఉంటాడు. ఎండాకాలం రాగానే సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఎటూ ఉంది. ఈలోగా తుఫాను హెచ్చరిక జెండా ఎగరెయ్యడానికి గట్టు మీద స్తంభం పాతారు. జెండా కట్టడానికొక మనిషిని, అతడు కట్టాడో లేదో చూడడానికొక మనిషిని వేశారు. దీపస్తంభానికి స్థలం కూడా చూసి వెళ్ళారు.

తెప్పలు గట్టు మీద బోర్లా పడి ఉన్నాయి. వలలు దండేల మీద ఆరి పెళుసెక్కాయి. వాడలో మగవాళ్ళు కూలికి పోవడం మొదలుపెట్టారు. నర్సవ్వ అంగడిలో తన చోటు పోకుండా ఖాళీ గంప పెట్టుకుని కూర్చుంటోంది. పక్కన కూరగాయలమ్మే ఆవిడ ఒకనాడు, ఎందుకు ఊరికే కూర్చుంటవని అడిగితే, సముద్రం మీదికెళ్ళి మా ఇంటాయన ఇంకా రాలేదని చెప్పింది.

భీమన్న తట్టుకోలేకపోయాడు. చేసిన పని డైరెక్టరు గారికి చెప్పేస్తానన్నాడు. సదానందం గారు హడలిపోయి, ఈ దశలో నిజం చెప్పడం వల్ల ఫైలులో గందరగోళం ఏర్పడుతుందని బతిమాలారు. అయినా భీమన్న నర్సవ్వను వెంటబెట్టుకుని రాజధాని బస్సెక్కాడు.

చక్రధర్ గారు వాళ్ళను ఆదరంగా కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఆయన గోడ మీద ఆ ఫోటో పెద్దదిగా ఉంది. భీమన్న నిలబడే చెప్పాడు. చేపను మార్కెట్లో కొన్నామని, మంచె కింద తానున్నానని, దారం చేతికి చుట్టుకుని లాగింది తానేనని, మోసం చేసినందుకు ఏ శిక్షైనా వెయ్యమని, సొసైటీని మాత్రం విడిచిపెట్టమని చెప్పాడు. మణికట్టు మీద ఇంకా మానని గీత చూపించాడు.

చక్రధర్ గారు ఆ గీతను చూశారు. తర్వాత లేచి వచ్చి భీమన్న భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ లాగుడు నా చేతులకు తెలుసు భీమన్నా. అది మనిషి లాగుడు కాదు."

ఇంకేం చెప్పినా ఆయన వినలేదు. ఎన్నో దేశాలు తిరిగిన మనిషి, ముసలితనం దగ్గరపడుతున్న మనిషి, తన జీవితంలో ఒక్కసారి ఒక పెద్ద ప్రాణితో పోరాడి గెలిచానని నమ్ముతున్నాడు. భీమన్నకు ఆయన ముఖం చూస్తుంటే, గెలిచింది నువ్వు కాదని మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు. శాఖ ప్రతిష్ఠ కోసం తప్పును తన మీద వేసుకోవడానికి సిద్ధపడ్డ సొసైటీ అధ్యక్షుడి వినయాన్ని ప్రశంసిస్తూ చక్రధర్ గారు ఒక మెమో రాసి చేతికిచ్చారు.

బస్సులో తిరిగొస్తుంటే నర్సవ్వ చాలా దూరం మాట్లాడలేదు. అందుకే భీమన్నకు భయమేసింది. చివరికి ఆవిడ, "వాళ్ళు సముద్రమంటున్నరు. మనం కాదంటున్నం. మనం గూడ సముద్రమే అంటే ఏమైతది?" అంది.

మర్నాడు వాడలోని ఆడవాళ్ళందరి వేలిముద్రలతో కలెక్టరు గారికి, ప్రాజెక్టు ఇంజనీరు గారికి అర్జీ వెళ్ళింది. ప్రభుత్వమే సముద్రమని తేల్చిన నీటిని పిల్లలకు తాగిస్తున్నారని, వరి మళ్ళకు పారిస్తున్నారని, ఉప్పునీళ్ళతో జనాన్నీ పంటనూ పాడు చెయ్యవద్దని, దయచేసి తూములు మూయించాలని అందులో ఉంది.

ఇంజనీరు గారు నియమాల మనిషి. మత్స్యశాఖ ఉత్తర్వు తెప్పించుకుని రెండుసార్లు చదివారు. తన అధికారం ప్రాజెక్టులకూ కాలువలకూ మాత్రమే వర్తిస్తుందని, సముద్రానికి తూములెత్తే అధికారం తనకు దఖలు పడలేదని రాసి, స్పష్టత వచ్చేవరకు అన్నీ దించేశారు.

యాసంగి నాట్లు పడే రోజులవి. కాలువ ఎండింది. రైతులు ట్రాక్టర్లతో రోడ్డు మీదికొచ్చారు. పట్నంలో నల్లాలు గాలి ఊదాయి. ఆఫీసర్ల కాలనీలోనూ ఊదాయి. సదానందం గారు కర్పూరం పెట్టుకోవడమే గానీ స్నానం చెయ్యలేదని ఆఫీసులో అందరికీ తెలిసింది.

కలెక్టరు గారు రెండు శాఖలనూ కూర్చోబెట్టారు. జీపుకు నీళ్ళ ట్యాంకరు కట్టుకుని మీటింగుకొచ్చిన మొదటి కలెక్టరు ఆవిడే కావచ్చు. మంచినీరని ఒప్పుకుంటే తన చేప ఏమవుతుందని చక్రధర్ గారు అడిగారు. సముద్రమని ఒప్పుకుంటే తన ప్రాజెక్టు ఏమవుతుందని ఇంజనీరు గారు అడిగారు. మధ్యాహ్న భోజనం తర్వాత ఇంజనీరు గారికే దారి తోచింది. ఏ ప్రాజెక్టులోనైనా తూము కంటే కిందనున్న నీళ్ళు బయటికి రావు, ఎవరి లెక్కలోకీ రావు. ఆ భాగాన్ని మత్స్యశాఖ వారు ఏమని పిలుచుకున్నా నీటిపారుదల శాఖకు అభ్యంతరం ఉండదన్నారు. సముద్రమన్నాక లోతుగా ఉండడం సముచితమేనని చక్రధర్ గారు సంతోషంగా అంగీకరించారు.

ఆ ప్రకారం తూము మట్టానికి పైనున్నది మంచినీరు, కిందనున్నది సముద్రం అని ఉమ్మడి ఉత్తర్వు వచ్చింది. తూములెత్తారు. సొసైటీకి పైభాగం మీద లైసెన్సు రెన్యువల్ అయింది. వలలు సముద్రంలోకి దిగకుండా చూసే పని సదానందం గారికి అప్పగించారు. ఆయన లోతు కొలవడానికి ముడులు వేసిన తాడొకటి తీసుకుని రోజూ గట్టు మీదికి వచ్చేవారు.

అప్పటికి ఎండలు ముదిరాయి. నీళ్ళు వేడెక్కి బొచ్చెలు, రవ్వలు పైకి లేచాయి. మొదటి రోజు వలలు లాగలేక లాగారు. నర్సవ్వ గంప నిండింది. ఆ రోజు వాడలో ఎవరూ కూలికి పోలేదు.

ఒకనాడు భీమన్న వలలో మనిషంత వాలుగ పడింది. వాలుగ అడుగున తిరిగే చేప. సదానందం గారు తాడు చేత్తో పట్టుకుని, ఇది ఏ భాగంలో దొరికిందని నిలదీశారు. అది కింది నుంచి పైకొస్తూ దొరికిందని, తల ఇటు ఉంటే తోక అటు ఉన్నదని భీమన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. తల మంచినీటిదై తోక సముద్రానిదైన చేప విషయంలో స్వయంగా నిర్ణయం తీసుకోవడానికి సదానందం గారికి ధైర్యం చాలలేదు. స్పష్టత కోరుతూ పైకి రాశారు. జవాబు వచ్చేవరకు చేపను సొసైటీ సంరక్షణలో ఉంచాలన్నారు.

జవాబు మామిడిపళ్ళ కాలానికి వచ్చింది. సదరు చేపను డైరెక్టరు గారు స్వయంగా పరిశీలిస్తారని, అంతవరకు దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ సజీవంగా ఉంచాలని, ప్రస్తుత ఆరోగ్య స్థితిని వెంటనే తెలియజేయాలని అందులో ఉంది. భీమన్న ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. ఏం రాయాలో తోచక నర్సవ్వను అడిగాడు.

నర్సవ్వ వల చిక్కులు విప్పుతూ తలెత్తలేదు.

"పానంతోనే ఉన్నదని రాయి. ముప్పై ఇండ్లల్ల తిన్నరు. అందరు మంచిగనే ఉన్నరు."